మూత్రాశయ క్యాన్సర్: ఏ ఆపరేషన్ ఎవరికి?

గడచిన రెండు నెలల్లో ఈ శీర్షికకు అందిన ఉత్తరాలలో మూత్రాశయ క్యాన్సర్ గురించి అడిగినవే ఎక్కువ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుండి వచ్చిన వాటిలో అయిదింటిని ఎంచుకుని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ జబ్బుకే కేటాయిస్తున్నాను. రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసివేశాను. రోగిని చూడకుండా వైద్యం చెప్పడం సాధ్యం కాదు కనుక, మీ యూరాలజిస్టు ఎదుట కూర్చున్నప్పుడు ఏమి అడగాలో, ఏ కాగితం చూపించాలో తెలుసుకోవడానికే ఈ జవాబులను ఉపయోగించుకోవాలని మనవి.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. మాది కొండపి దగ్గర పల్లె. మా నాన్నగారికి 64 ఏళ్లు. పొగాకు సాగు చేస్తాము, ఆకు కాల్చే బ్యారన్ కూడా ఉంది. నాన్నగారికి కుర్రతనం నుండి చుట్ట, ఆ తరువాత సిగరెట్లు అలవాటు. ఏడెనిమిది నెలలుగా అప్పుడప్పుడు మూత్రంలో రక్తం పడుతున్నా, నొప్పి లేదు కనుక వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు తాగించాము. చివరికి నెల్లూరులో లోపలికి గొట్టం పెట్టి గడ్డను గీకి పరీక్షకు పంపితే, క్యాన్సర్ కండరంలోకి దిగిందని వచ్చింది. మూత్రసంచి పూర్తిగా తీసివేయాలన్నారు. నెల్లూరు డాక్టరు గారు పొట్ట కోసి చేస్తామంటున్నారు. చెన్నైలో ఒక ఆసుపత్రివారు రోబోతో చేస్తేనే జబ్బు వేళ్లతో సహా పోతుందంటున్నారు. దానికి ఎకరం పొలం అమ్మాలి. మా బావగారు అమ్మేయమంటున్నారు. పొగాకు వేలం ముగిసేదాకా, అంటే ఇంకో మూడు నెలలు ఆగవచ్చా?

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. ఆగవద్దు. క్యాన్సర్ కండరంలోకి దిగిందని తెలిసిన నాటి నుండి 12 వారాలు దాటినా ఏ చికిత్సా మొదలుపెట్టనివారికి ఫలితాలు తగ్గుతాయని అనేక పరిశీలనలు చెబుతున్నాయి. మీరు ఇప్పటికే ఏడెనిమిది నెలలు పోగొట్టుకున్నారు. ఆ తప్పు మీ ఒక్కరిదే అనను. నొప్పి లేని రక్తస్రావాన్ని వేడిగా భావించి ఊరుకోవడం మన ప్రాంతంలో ఇంటింటా ఉన్నదే, మధ్యలో చూసిన వైద్యులు సైతం ఇన్‌ఫెక్షన్ మాత్రలిచ్చి పంపిన సందర్భాలు నాకు తెలుసు. అయితే బేళ్ల కోసం ఇంకో మూడు నెలలు పోగొట్టుకోవలసిన అవసరం లేదు. వేలం కేంద్రానికి మీరు వెళ్లండి, నాన్నగారిని ఆసుపత్రికి బావగారు తీసుకువెళతారు.

ఇక పొట్ట కోసి చేసే పద్ధతికీ రోబో పద్ధతికీ తేడా. లోపల తీసేవి రెండింటిలోనూ ఒకటే: మూత్రాశయం, ప్రోస్టేటు గ్రంథి, వీర్యకోశాలు, కటి భాగంలో రెండు వైపులా ఉండే లింఫు గ్రంథులు. కోసి చేసేటప్పుడు బొడ్డు కింద నుండి నిలువుగా ఒక పెద్ద గాటు పెడతారు. రోబో పద్ధతిలో అయిదారు చిన్న రంధ్రాల గుండా పనిముట్లను పంపి, సర్జన్ పక్కనే ఒక యంత్రం ముందు కూర్చుని వాటిని తన చేతులతో నడిపిస్తాడు. రోబో తనంతట తాను ఏమీ చేయదు. ఆ చేతుల నైపుణ్యమే దాని నైపుణ్యం.

ఈ రెండు పద్ధతులలో ఏది మేలో తేల్చడానికి రోగులను చీటీ వేసినట్లు రెండు జట్లుగా విడదీసి చేసిన అధ్యయనాలు ఉన్నాయి. వాటిలో 2018లో వెలువడిన రేజర్ అధ్యయనం ముఖ్యమైనది. అమెరికాలోని 15 ఆసుపత్రులలో 350 మందిని అందులో చేర్చుకున్నారు. రెండేళ్ల తరువాత జబ్బు తిరగబెట్టకుండా, ముదరకుండా ఉన్నవారు రోబో జట్టులో 72.3 శాతం, కోత జట్టులో 71.6 శాతం. అంటే క్యాన్సర్ విషయంలో రెండూ సమానమే. రోబోతో చేస్తేనే జబ్బు వేళ్లతో సహా పోతుందన్న మాట మీకు ఎవరు చెప్పినా, దానికి ఆధారం లేదు.

రోబో వల్ల మేలే లేదని కూడా నేను అనను. అదే అధ్యయనంలో కోత జట్టులో సుమారు 700 మిల్లీలీటర్ల రక్తం పోగా, రోబో జట్టులో 300 మాత్రమే పోయింది. రక్తదాతల కోసం ఊళ్లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసిన అనుభవం ఉన్నవారికి ఆ తేడా విలువ తెలుస్తుంది. ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు ఏడుకు బదులు ఆరు అయ్యాయి. ఆపరేషన్‌కు పట్టిన సమయం మాత్రం రోబోకే గంటకు పైగా ఎక్కువ. బ్రిటన్‌లో తొమ్మిది ఆసుపత్రులలో 338 మందితో జరిగి, 2022లో వెలువడిన ఐరాక్ అధ్యయనంలో, ఆపరేషన్ తరువాతి 90 రోజులలో రోగి ప్రాణాలతో, ఆసుపత్రి బయట గడిపిన రోజులను లెక్కించారు. రోబోవారికి అవి 82, కోతవారికి 80. గాయం చీము పట్టడం, విడిపోవడం వంటివి కోత జట్టులో 16 శాతం మందికి, రోబో జట్టులో సుమారు 6 శాతం మందికి వచ్చాయి. కాళ్లలో, ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టడం కూడా రోబో జట్టులో తక్కువగా కనిపించింది. తొలి వారాలలో రోబోవారు త్వరగా లేచి తిరిగారు, ఆరు నెలలు గడిచేసరికి ఇద్దరి జీవితంలోనూ చెప్పుకోదగిన తేడా లేదు.

మీ నాన్నగారి విషయంలో ఇంకొక సంగతి చూడాలి. రోబో ఆపరేషన్‌లో పొట్టను గాలితో ఉబ్బించి, తల కిందికి, కాళ్లు పైకి ఉండేలా బల్లను వంచి కొన్ని గంటలపాటు ఉంచుతారు. దశాబ్దాలుగా చుట్ట తాగిన ఊపిరితిత్తులకు అది భారం. కనుక ఏ పద్ధతికైనా ముందు ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష, గుండె పరీక్ష చేయించి, మత్తు డాక్టరు అభిప్రాయం తీసుకోండి. పొగ ఈ రోజే మానాలి. ఈ క్యాన్సర్‌కు అన్నింటికన్నా పెద్ద కారణం పొగ తాగడమే, దాదాపు సగం మందిలో దాని పాత్ర ఉంది. పొగాకులోని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీల ద్వారా వడకట్టబడి, మూత్రంలో చేరి గంటల తరబడి మూత్రాశయపు లోపలి పొరను తాకుతూ ఉంటాయి. మనం పండించి, కాల్చి, గ్రేడు చేసి అమ్మే ఆకు గురించి ఈ మాట రాయడం నాకు సులభం కాదు. నా బంధువులలోనూ పొగాకు రైతులు ఉన్నారు.

ఆపరేషన్ కన్నా ముందు మీరు అడగవలసిన ప్రశ్న కీమోథెరపీ గురించి. మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేకపోవడం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. క్యాన్సర్ కండరంలోకి దిగినప్పుడు, స్కాన్‌కు కనిపించని కణాలు అప్పటికే రక్తంలోకి వెళ్లి ఉండవచ్చు. వాటిని ఏ కత్తీ అందుకోలేదు. అందుకే కిడ్నీలు బాగా ఉన్నవారికి సిస్‌ప్లాటిన్ అనే మందుతో కూడిన కీమోను మూడు నాలుగు విడతలు ఇచ్చి, ఆ తరువాత మూత్రాశయం తీస్తారు. 2003లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ముందుగా కీమో తీసుకున్నవారిలో 38 శాతం మందికి, తీసివేసిన మూత్రాశయంలో క్యాన్సర్ జాడ కూడా మిగలలేదు. నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవారిలో అలాంటివారు 15 శాతం మాత్రమే. అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఇలా చేయడం వల్ల అయిదేళ్లు బతికే అవకాశం సుమారు 5 శాతం పెరుగుతుందని తేలింది. కోతకూ రోబోకూ మధ్య లేని తేడా ఇక్కడ ఉంది. 2024లో దీనికి డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్లించే) మందును జోడించినప్పుడు ఇంకా మేలు కనిపించింది, కాని ఖర్చు చాలా ఎక్కువ. కీమో మొదలుపెట్టడం కూడా చికిత్స మొదలుపెట్టడమే కనుక, 12 వారాల గడువు గురించిన భయం కొంత తగ్గుతుంది.

తరువాతి ప్రశ్న సర్జన్ గురించి, ఆసుపత్రి గురించి. మూత్రాశయం తీసివేయడం యూరాలజీలో అతి పెద్ద ఆపరేషన్లలో ఒకటి. రేజర్ అధ్యయనంలో ఏ జట్టులో చూసినా మూడింట రెండు వంతుల మందికి చిన్నదో పెద్దదో ఏదో ఒక చిక్కు వచ్చింది. ఆ చిక్కులను సమయానికి పసిగట్టి సరిచేయడం అలవాటైన చోటే ఈ ఆపరేషన్ చేయించుకోవాలి. ఏడాదికి కనీసం పది, వీలైతే ఇరవైకి పైగా ఇలాంటి ఆపరేషన్లు జరిగే ఆసుపత్రి మేలని యూరప్ యూరాలజిస్టుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి నెల్లూరులో, చెన్నైలో ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "అయ్యా, నిరుడు మీరు మూత్రసంచి తీసిన ఆపరేషన్లు ఎన్ని చేశారు? అందులో మూడు నెలలలోపు ఇబ్బంది పడినవారు ఎందరు?" మర్యాదగా అడిగితే తప్పు పట్టే సర్జన్ ఉండడు. తప్పు పడితే, ఆ విషయమూ మీకు తెలియవలసినదే.

లింఫు గ్రంథులు తీస్తారా అని కూడా అడగండి, తప్పక తీయాలి. అయితే ఎంత పైదాకా తీస్తే అంత మంచిదన్న పాత అభిప్రాయం నిలబడలేదు. 2019లో జర్మనీలో, 2024లో అమెరికాలో వెలువడిన ఫలితాలు రెండూ, కటి భాగం దాటి పైదాకా తీయడం వల్ల ఆయుష్షు పెరగలేదనే చెప్పాయి.

పొలం సంగతి. రోబో కోసమే అయితే ఆ ఎకరాన్ని అమ్మవద్దు. నెల్లూరు సర్జన్ గారికి తగినంత అనుభవం ఉండి, ముందుగా కీమో ఇచ్చే ఏర్పాటు ఉంటే, కోత ఆపరేషన్‌తో నాన్నగారికి తక్కువ వైద్యం జరుగుతున్నట్లు భావించనక్కరలేదు. ఆయనకు ఆ అనుభవం లేకపోతే మాత్రం చెన్నైకో, తిరుపతికో, వేలూరుకో వెళ్లండి. అక్కడ కూడా కోత పద్ధతిలో చేస్తారు. బియ్యం కార్డు ఉంటే ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏ ఆసుపత్రిలో ఏది వర్తిస్తుందో ముందే కనుక్కుని, కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: మేము ఒంగోలులో ఉంటున్నాము, మా సొంత ఊరు కనిగిరి వైపు. మా వారు ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు, 61 సంవత్సరాలు. మూత్రాశయం తీసివేసి పొట్ట మీద బ్యాగు పెడతామన్నారు. "సంచి కట్టుకుని బతకడం కన్నా చావడం మేలు" అంటున్నారు. పేగుతో లోపలే కొత్త మూత్రాశయం తయారు చేస్తారని ఎవరో చెప్పారట, అదే కావాలని పట్టుపట్టారు. కిడ్నీల రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.9 ఉంది. ఏం చేయాలండీ?

జవాబు: అమ్మా, మీ వారి మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. చాలామంది మగవారు నా ఎదుట అదే మాట అన్నారు. కోత, రోబో అన్న చర్చ ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ముగిసిపోతుంది. మూత్రం ఇకమీదట ఏ దారిన బయటికి రావాలన్న నిర్ణయంతో మాత్రం జీవితాంతం కాపురం చేయాలి. అందుకని దీని గురించి కాస్త వివరంగా రాస్తాను.

బ్యాగు పద్ధతిని ఇలియల్ కాండ్యూట్ అంటారు. అమెరికా సర్జన్ యూజీన్ బ్రికర్ 1950లో వర్ణించిన ఈ పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతటా ఎక్కువగా వాడుకలో ఉంది. చిన్నపేగు చివరి భాగం నుండి 15, 20 సెంటీమీటర్ల ముక్కను వేరుచేసి, మిగిలిన పేగును తిరిగి కలిపేస్తారు. రెండు కిడ్నీల నుండి వచ్చే నాళాలను ఆ ముక్కకు కుట్టి, దాని రెండో కొనను బొడ్డుకు కుడివైపు చర్మం మీదికి తెస్తారు. ఎర్రని మొగ్గలాగ కనిపించే ఆ ద్వారాన్ని స్టోమా అంటారు. దాని మీద అతికించిన బ్యాగులోకి మూత్రం వస్తూ ఉంటుంది.

మీ వారు అడిగే కొత్త మూత్రాశయాన్ని నియోబ్లాడర్ అంటారు. దీనికి 50, 60 సెంటీమీటర్ల పేగు తీసుకుని, నిలువునా చీల్చి, గుండ్రని సంచిలాగ కుట్టి, కింద మూత్రనాళానికి కలుపుతారు. బయట ఏమీ కనిపించదు, మూత్రం సహజమైన దారినే వస్తుంది. వినడానికి ఇదే మేలుగా తోస్తుంది. కాని పేగుతో కుట్టిన సంచికి, నిండినప్పుడు మూత్రం వస్తున్నదన్న పాత స్పృహ ఉండదు. గడియారం చూసుకుని మూడు నాలుగు గంటలకొకసారి, తొలి నెలలలో రాత్రి కూడా అలారం పెట్టుకుని లేచి, పొట్ట బిగించి ఖాళీ చేసుకోవాలి. పగటి అదుపు చాలామందికి కొన్ని నెలలలో వస్తుంది. రాత్రిపూట పక్క తడవడం కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కొందరికి పూర్తిగా ఖాళీ కాక, తామే గొట్టం వేసుకోవలసి వస్తుంది. ఆ పని చేసుకోగల చేతులు, ఓపిక ఉన్నాయా అని ముందే చూస్తారు.

మీ వారి విషయంలో అసలు అడ్డంకి క్రియాటినిన్. అది పెరిగిందంటే కిడ్నీల పని తగ్గిందని అర్థం. ఫ్లోరైడ్ నీళ్ల గురించి, కిడ్నీ జబ్బుల గురించి వింటూ పెరిగిన కనిగిరి వైపువారికి ఆ అంకె అర్థం చెప్పనక్కరలేదు. పేగు స్వభావం తనలోకి వచ్చినదాన్ని పీల్చుకోవడం. మూత్రం గంటల తరబడి పేగు సంచిలో నిలిస్తే, అందులోని ఆమ్లాలను, లవణాలను పేగు గోడ తిరిగి రక్తంలోకి పీలుస్తుంది. ఆ ఆమ్లాన్ని బయటికి పంపే పని మళ్లీ కిడ్నీలదే. అవి ఇప్పటికే సగం శక్తితో పనిచేస్తుంటే, రక్తంలో ఆమ్లం పెరిగి నీరసం, ఆకలి మందగించడం, కాలక్రమేణా ఎముకలు పెళుసు బారడం వంటివి వస్తాయి. కాండ్యూట్‌లో మూత్రం నిలవ ఉండకుండా జారిపోతుంది కనుక ఈ బెడద చాలా తక్కువ. 1.9 దగ్గర నియోబ్లాడర్ చేయమని నేను సలహా ఇవ్వను. మీ డాక్టరు గారు బ్యాగు అన్నది ఈ కారణంతోనే అయి ఉంటుంది. ఒక్కటి మాత్రం తేల్చుకోండి: గడ్డ అడ్డుపడి కిడ్నీలు ఉబ్బినందువల్ల క్రియాటినిన్ పెరిగిందా, లేక పాత జబ్బా? అడ్డుపడినదైతే, కిడ్నీలోకి సన్నని గొట్టం వేసి మూత్రాన్ని బయటికి పంపితే అంకె తగ్గవచ్చు. తగ్గితే సిస్‌ప్లాటిన్ కీమో ఇవ్వడానికీ వీలు కలుగుతుంది.

బ్యాగుతో బతుకు ఎలా ఉంటుందో మీ వారికి మాటలతో చెప్పి ఒప్పించడం కష్టం. మీ సర్జన్‌ను అడిగి, రెండు మూడేళ్లుగా బ్యాగుతో ఉన్న ఒక వ్యక్తి అంగీకరిస్తే అతనితో ఒక గంట కూర్చోబెట్టండి. వరి కోతల దగ్గర నిలబడి కూలీలతో పని చేయించే రైతు చొక్కా పైకెత్తి చూపించేదాకా, అతనికి బ్యాగు ఉందని నాతో వచ్చిన రోగి కనిపెట్టలేకపోయిన సందర్భం ఒకటి నాకు బాగా గుర్తుంది. ఆ గంట నేను నెల రోజులు చెప్పిన దానికన్నా ఎక్కువ పని చేసింది.

ఒక పని మాత్రం ఆపరేషన్‌కు ముందు రోజే జరిగి తీరాలి. స్టోమా ఎక్కడ రావాలో రోగిని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చెప్పి చర్మం మీద గుర్తు పెట్టాలి. పంచె ముడి, మొలతాడు, బెల్టు పడే చోట, పొట్ట మడత పడే చోట పెడితే బ్యాగు అంటుకోదు, రోజూ కారుతుంది. మీ వారు ఇంట్లో లుంగీ కట్టుకుంటారా, ప్యాంటు వేసుకుంటారా అని ఎవరూ అడగకపోతే మీరే చెప్పండి. మన ఎండల్లో చెమటకు అతుకు వదులవుతుంది కనుక, శీతకాలంలో నాలుగైదు రోజులు ఉండే బ్యాగును వేసవిలో ఇంకా ముందే మార్చవలసి రావచ్చు. నీళ్లు ధారాళంగా తాగాలి. వడ్ల బస్తాలు, నిండు బిందెలు ఎత్తకూడదు, స్టోమా పక్కన గిలక (హెర్నియా) దిగుతుంది. స్నానానికి, పూజకు, ప్రయాణానికి అడ్డులేదు.

దాంపత్యం గురించి మీరు అడగలేదు, అడగడానికి మొహమాటపడి ఉండవచ్చు. ఈ ఆపరేషన్‌లో అంగస్తంభనకు అవసరమైన నరాలు దెబ్బతినడం సాధారణం. గడ్డ ఉన్న చోటును బట్టి కొందరిలో వాటిని కాపాడవచ్చు. అది కోతలోనూ, రోబోలోనూ సర్జన్ ఎంపికే. ఆపరేషన్‌కు ముందు మీ వారే స్వయంగా అడిగితే మంచిది.

ప్రశ్న: నాకు 52 సంవత్సరాలు, కావలిలో టీచరుగా పనిచేస్తున్నాను. మూత్రాశయంతో పాటు గర్భసంచి, అండాశయాలు, యోని ముందు గోడ కూడా తీసేస్తామన్నారు. అవి బాగానే ఉన్నప్పుడు ఎందుకు తీయాలి?

జవాబు: ఎన్నో ఏళ్లుగా స్త్రీలలో ఈ ఆపరేషన్‌ను అలాగే చేస్తూ వచ్చారు. మూత్రాశయం వెనుక గోడకు గర్భసంచి, యోని ఆనుకుని ఉంటాయి కనుక, క్యాన్సర్ అటు పాకి ఉంటుందన్న భయంతో అన్నింటినీ కలిపి తీసేవారు. తీసిన అవయవాలను పరీక్షించినప్పుడు వాటిలోకి క్యాన్సర్ పాకినవారు కొద్దిమందేనని తెలిసింది. ఇప్పుడు గడ్డ వెనుక గోడకు, మూత్రాశయపు మెడకు దూరంగా ఉండి, ఎంఆర్‌ఐలో బయటికి పాకిన గుర్తులు లేకపోతే, గర్భసంచిని, యోని గోడను ఉంచి చేయడం సాధ్యమే. యోని గోడ నిలిస్తే దాంపత్య జీవితానికి మేలు, నియోబ్లాడర్ చేసినట్లయితే దానికి కింది నుండి ఆధారం దొరుకుతుంది. అండాశయాలను, మీ కుటుంబంలో అండాశయ, రొమ్ము క్యాన్సర్లు లేకపోతే, ఉంచమని అడగవచ్చు.

మీ గడ్డ వెనుక గోడ మీదనే ఉంటే, సర్జన్ చెప్పినదే సరైనది. ఎక్కడ ఉందో సిస్టోస్కోపీ (గొట్టం పెట్టి లోపలికి చూసిన పరీక్ష) కాగితంలో రాసి ఉంటుంది, చూపించి అడగండి. రెండో అభిప్రాయానికి ఒక వారం పట్టినా నష్టం లేదు. స్త్రీలలో ఈ రక్తాన్ని నెలసరి అనో, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అనో పొరబడి ఆలస్యంగా గుర్తిస్తున్నందున, వారం అన్నది నెల కాకుండా చూసుకోండి.

ప్రశ్న: నేను నెల్లూరులో ఆటో నడుపుతాను, వయసు 47. మూత్రంలో రక్తం పడితే గొట్టం ద్వారా గడ్డ తీశారు. రిపోర్టులో "టీ1, హై గ్రేడ్" అని ఉంది. నెలలోపే మళ్లీ అదే ఆపరేషన్ చేయాలంటున్నారు. మొదటిసారి సరిగా చేయలేదా? లేక డబ్బు కోసమా?

జవాబు: తమ్ముడూ, రోజు కూలి పోగొట్టుకుని వచ్చేవారికి ఈ అనుమానం రావడం సహజం. అయినా మీ డాక్టరు చెప్పినది సరైన మాట. మూత్రనాళం గుండా పరికరం పంపి గడ్డను గీకి తీసే ఈ ఆపరేషన్‌ను టీయూఆర్‌బీటీ అంటారు. ఇందులో కోత ఉండదు. మూత్రాశయ క్యాన్సర్ ఉన్న నలుగురిలో ముగ్గురికి జబ్బు మొదట పై పొరలలోనే ఉంటుంది, వారికి మూత్రాశయం తీయనక్కరలేకుండా దీనితోనే నెట్టుకు రావచ్చు. టీ1 అంటే లోపలి పొరను దాటింది కాని కండరాన్ని ఇంకా తాకలేదని అర్థం. హై గ్రేడ్ అంటే త్వరగా ముదిరే స్వభావం ఉన్నదని. ఎంత జాగ్రత్తగా చేసినా, ఈ దశలో మొదటి ఆపరేషన్ తరువాత మూడో వంతు నుండి సగం మందిలో ఎంతో కొంత గడ్డ మిగిలి ఉంటుంది. కొందరిలో కండరంలోకి దిగిన భాగం రెండోసారి గీకినప్పుడే బయటపడుతుంది. అందుకే రెండు నుండి ఆరు వారాలలో మళ్లీ చేస్తారు. మీ బయాప్సీ కాగితంలో "డెట్రూసర్ కండరం ఉంది" అన్న మాట ఉందో లేదో చూడండి, డెట్రూసర్ అంటే మూత్రాశయపు గోడలోని కండరమే. ఆ ముక్క రాకపోతే, జబ్బు కండరాన్ని తాకిందో లేదో ఎవరూ చెప్పలేరు.

రెండోసారి కూడా కండరం శుభ్రంగా ఉంటే బీసీజీ మొదలుపెడతారు. పసిపిల్లలకు క్షయ రాకుండా భుజానికి వేసే టీకాలోని సూక్ష్మజీవులే ఇవి. గొట్టం ద్వారా మూత్రాశయంలోకి ఎక్కించి, రెండు గంటలు ఆపుకోమంటారు. అవి అక్కడి రోగనిరోధక కణాలను రెచ్చగొట్టి క్యాన్సర్ మీదికి ఉసిగొల్పుతాయి. 1976లో ఆల్వారో మొరాలెస్ అనే వైద్యుడు ప్రకటించిన ఈ చికిత్సను ఇప్పటికీ మించినది లేదని నా అభిప్రాయం. వారానికొకటి చొప్పున ఆరు వారాలు, ఆ తరువాత మూడేళ్ల వరకు మధ్య మధ్య మూడేసి వారాలు ఇస్తారు. ఎక్కించిన రోజు బండి తీయకండి, మంట, తరచు మూత్రం, కొద్దిపాటి జ్వరం ఉంటాయి. జ్వరం రెండు రోజులకు మించినా, వణుకు వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆ రోజు ఆరు గంటలపాటు మీరు వెళ్లిన మరుగుదొడ్డిలో బ్లీచింగ్ ద్రావణం పోసి, పావుగంట ఆగి నీళ్లు కొట్టాలి.

ఆరు వారాలు కాగానే బాగుందని మానేసి, రెండేళ్ల తరువాత కండరంలోకి దిగిన గడ్డతో తిరిగి వచ్చినవారిని చూశాను. మీ వయసుకు అలా జరగకూడదు. బీసీజీ పూర్తిగా తీసుకున్నా హై గ్రేడ్ గడ్డ తిరిగి వస్తే, అప్పుడు మూత్రాశయం తీయించుకోవడానికి వెనుకాడకండి. కండరంలోకి దిగకముందే తీయించుకున్నవారు చాలామంది దీర్ఘకాలం బతుకుతున్నారు.

ప్రశ్న: మాది సింగరాయకొండ. మా తాతయ్యకు 79 ఏళ్లు, గుండెకు బైపాస్ జరిగింది. మూత్రాశయ క్యాన్సర్ కండరంలోకి దిగింది. ఇంత పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేరని మత్తు డాక్టరు చెప్పారు. రోబోతో అయితే తట్టుకుంటారా? లేక ఇంటికి తీసుకువెళ్లి చూసుకోవడమేనా?

జవాబు: రోబోతో గాటు చిన్నదవుతుంది, ఆపరేషన్ చిన్నది కాదు. గుండెకు పడే భారం తల కిందికి వంచి ఉంచడం వల్ల ఇంకా పెరగవచ్చు. కాని మీరు అడిగిన రెండింటికీ మధ్యలో మూడో దారి ఒకటి ఉంది. టీయూఆర్‌బీటీతో కనిపించిన గడ్డనంతా తీసివేసి, ఆ తరువాత రేడియేషన్, దానితో పాటు చిన్న మోతాదులో కీమో ఇస్తారు. మూత్రాశయం దాని చోటనే ఉంటుంది. 2012లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో 360 మందిని పరిశీలించి, రేడియేషన్ ఒక్కటే ఇవ్వడం కన్నా ఫ్లోరోయురాసిల్, మైటోమైసిన్ మందులను జోడించినప్పుడు మూత్రాశయంలో, కటి భాగంలో జబ్బు బాగా అదుపులో ఉంటుందని చూపించారు. ఈ మందులకు సిస్‌ప్లాటిన్‌లాగ బలమైన కిడ్నీలు అక్కరలేదు. 2023లో అమెరికా, కెనడా ఆసుపత్రులలోని 722 మంది వివరాలను పోల్చినప్పుడు, తగినవారిని ఎంచి ఇలా చికిత్స చేస్తే, మూత్రాశయం తీసివేసినవారితో సమానంగా, అయిదేళ్ల తరువాత సుమారు 75 శాతం మందిలో జబ్బు ఇతర అవయవాలకు పాకలేదని తేలింది. అది చీటీ వేసి విడదీసిన అధ్యయనం కానందువల్ల దానిని తుది మాటగా తీసుకోను, అయినా తాతయ్యగారి వంటివారికి నేను ముందుగా సూచించేది ఇదే.

తగినవారంటే ఎవరో చెప్పాలి. గడ్డ ఒక్కటే ఉండాలి, గొట్టం ద్వారా వీలైనంతవరకు తీయగలిగినదై ఉండాలి, మూత్రాశయం లోపలి పొర అంతటా పాకిన క్యాన్సర్ ఉండకూడదు, మూత్రాశయం ఇప్పటిదాకా సరిగా పనిచేస్తూ ఉండాలి. రెండు కిడ్నీలూ ఉబ్బి ఉంటే ఈ దారి అంతగా పనికిరాదు. రేడియేషన్ సెలవు రోజులు మినహా రోజూ ఉంటుంది: కొన్నిచోట్ల 20 సార్లు, కొన్నిచోట్ల 32 సార్లు. ఈ వయసులో సింగరాయకొండ నుండి రోజూ రైల్లో తిప్పడం కన్నా, ఆసుపత్రి ఉన్న ఊళ్లో నెల రోజులు ఒక గది తీసుకోవడం మంచిది, 20 సార్ల పద్ధతి ఉందేమో కూడా అడగండి. చికిత్స తరువాత మూడు నెలలకొకసారి లోపలికి చూడవలసి ఉంటుంది. గడ్డ పై పొరలో తిరిగి వస్తే గీకి తీయవచ్చు.

తాతయ్యగారి కిడ్నీలు ఉబ్బి ఉన్నాయో లేదో మీ ఉత్తరంలో లేదు. సీటీ స్కాన్ రిపోర్టులో "హైడ్రోనెఫ్రోసిస్" అన్న పదం కోసం చూసి, ఆ కాగితాన్ని, బయాప్సీ రిపోర్టును, బైపాస్ నాటి కాగితాలను, ఇటీవలి గుండె స్కాన్‌ను ఒకే సంచిలో పెట్టుకుని, ఈ వారమే ఒక రేడియేషన్ ఆంకాలజిస్టును కలవండి.